మానికతో పోసి, తవ్వతో కొలిచి

పాత చీరలకు స్టీలు సామాను ఇచ్చేవాడితో బేరమాడని ఇల్లాలు మనలో ఎవరుంటారు చెప్పండి? నాలుగు చీరలకు బిందె ఇస్తానంటాడు. సరే గదా అని మనం ఓపిగ్గా పోగేస్తాం. నాలుగో చీర జమ అయ్యేసరికి వచ్చి, “ఇప్పుడు ఆరు చీరలమ్మా, రేటు మారింది” అంటాడు. “నీ మాట నమ్మే కదయ్యా దాచాను!” అని మనం ఎంత మొత్తుకున్నా వాడు గంప నెత్తిన పెట్టుకుని చక్కా పోతాడు. దానికోసం కోర్టుకెక్కేదెవరు?

అచ్చం ఇలాంటి తగాదాయే అమెరికాలో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అయితే అక్కడి తగువు చీరలకోసం కాదు, విమానం మైళ్ళకోసం.

అసలు ఈ మైళ్ళ గొడవ ఎలా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. 1978 దాకా అమెరికాలో విమానం టిక్కెట్టు ఎంతుండాలో, ఏ కంపెనీ ఏ ఊరికి నడపాలో ప్రభుత్వమే నిర్ణయించేది. ధరలో పోటీ లేదు కనక కంపెనీలన్నీ భోజనాల్లోనూ మర్యాదల్లోనూ పోటీపడేవి. ఆ ఏడు అక్టోబరులో, కార్టర్ ప్రెసిడెంటుగా ఉండగా, ఒక చట్టం వచ్చి ఆ కట్లు విప్పింది. చవక టిక్కెట్లతో కొత్త కంపెనీలు బరిలోకి దిగాయి. పాత కంపెనీలకు గుబులు పట్టుకుంది. ఇన్నాళ్ళూ మన దగ్గర కొన్నవాడు రేపు పక్క కొట్టుకి పోతే ఏం గతి?

అప్పుడు తట్టిన ఉపాయమే మైళ్ళు. 1979లో టెక్సస్ ఇంటర్నేషనల్ అనే చిన్న కంపెనీ దీనికి శ్రీకారం చుట్టింది గాని, దేశమంతా పాకించింది అమెరికన్ ఎయిర్‌లైన్స్. 1981 మే 1న వాళ్ళు ‘అడ్వాంటేజ్’ అనే పథకం పెట్టారు. తరచుగా ప్రయాణం చేసేవాళ్ళెవరో ఎలా తెలుసుకున్నారనుకున్నారు? టిక్కెట్లు రాసే కంప్యూటర్లో మాటిమాటికీ కనిపించే ఫోను నెంబర్లు వెతికి పట్టుకున్నారు! మా విమానంలో ఎన్ని మైళ్ళు తిరిగితే అన్ని మైళ్ళు మీ పేర జమ, ఫలానా లెక్కకు చేరితే టిక్కెట్టు ఉచితం అన్నారు. కొద్దిరోజుల్లోనే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది.

ఉచితంగా ఇస్తే నష్టం కాదా అని మీకు అనుమానం రావచ్చు. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటు ఉందే, అది మిగిలిపోయిన ఇడ్లీపిండి కాదు, మర్నాడు దోసెలు పోసుకోవడానికి. వృథా అయ్యే సీటును ఇచ్చేసి వాడుక మనిషిని నిలబెట్టుకోవడం తెలివైన వ్యాపారమే. చిక్కల్లా పండగలప్పుడు వస్తుంది. ఆ రోజుల్లో ప్రతి సీటూ డబ్బుకే అమ్ముడుపోతుంది. ఉచితం వాళ్ళూ సరిగ్గా అప్పుడే బయల్దేరతారు.

పైగా ఒకరిమీద ఒకరు పోటీపడి 1988లో కంపెనీలు మైళ్ళను మూడింతలు చేసి పంచాయి. జనం ఖాతాల్లో మైళ్ళు కొండలా పేరుకున్నాయి. ఆ ఏడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొత్త నియమాలు ప్రకటించింది. ఉచిత టిక్కెట్లకు ఒక్కో విమానంలో ఇన్నే సీట్లన్నారు. ఫలానా తేదీల్లో అసలు కుదరదన్నారు. ఇవి కొత్తగా సంపాదించే మైళ్ళకే అయితే ఎవరూ నోరెత్తేవారు కాదేమో. ఏళ్ళ తరబడి దాచుకున్న పాత మైళ్ళకు కూడా వర్తిస్తాయనేసరికి ఒళ్ళు మండింది. మానికతో పోయించుకుని తవ్వతో కొలిచి ఇస్తానంటే ఎవరూరుకుంటారు?

కొందరు ప్రయాణీకులు ఇల్లినాయిస్ రాష్ట్రంలో దావా వేశారు. నియమాలు మార్చే హక్కు మాకుందని కాగితంలో రాశాంగా అంది కంపెనీ. ముందుముందు సంగతి మీ ఇష్టం, ఇప్పటికే సంపాదించుకున్నది మార్చే హక్కెక్కడిది అన్నారు వీళ్ళు. అప్పుడు కంపెనీ ఇంకో అస్త్రం తీసింది. విమానాల ధరల్లో, దారుల్లో, సేవల్లో రాష్ట్రాలు తలదూర్చకూడదని 1978 చట్టంలోనే ఉంది, కనక ఈ దావాయే చెల్లదంది. అంటే కంపెనీలకు కట్లు విప్పిన చట్టమే వాళ్ళకు కవచం కూడా అయిందన్నమాట.

సుప్రీం కోర్టు తీర్పు 1995 జనవరి 18న వచ్చింది. తీర్పు రాసింది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అనే ఆవిడ. రాష్ట్రం తన వినియోగదారుల చట్టం చూపించి కంపెనీ నెత్తిన కొత్త నియమాలు రుద్దకూడదు. అంతవరకు కంపెనీదే గెలుపు. కాని కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట రాష్ట్రం రుద్దింది కాదు. ఆ మాట తప్పిందని ఎవరైనా అంటే కోర్టు వినవచ్చు. ఇదీ దాని సారాంశం.

విశేషమేమిటంటే అదే కోర్టులో ఉన్న రెండో మహిళ, శాండ్రా డే ఓకానర్, దీనికి ఒప్పుకోలేదు. ఈ మైళ్ళు పుట్టిన 1981లోనే ఆవిడ ఆ కోర్టుకు మొట్టమొదటి మహిళా న్యాయమూర్తిగా వచ్చారు. ఒప్పందాన్ని నిలబెట్టేది మాత్రం రాష్ట్ర చట్టం కాదా, కనక అదీ కుదరదన్నారావిడ. ఇద్దరిలో ఎవరు రైటో తేల్చేటంత చదువు నాకు లేదు గాని, నా మనసు మాత్రం గిన్స్‌బర్గ్ వైపే మొగ్గింది. నువ్విచ్చిన మాటే నిన్ను కట్టేస్తుందనడం మన వంటింటి న్యాయం కూడాను.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ తీర్పు తలుపు తీసిందే గాని, మాట తప్పారని తేల్చలేదు. ఆ తరవాతి కథ కూడా ఏమంత తీపి కాదు. 1989 జూలై 1కి ముందు సంపాదించిన మైళ్ళు చాలాకాలం కాలదోషం లేకుండా విడిగా ఉండేవి. పాతకాలపు ఊరగాయ జాడీలా వాటిని భద్రంగా దాచుకున్నవాళ్ళున్నారు. 2011లో కంపెనీ కొంత అదనం కలిపి వాటినీ కొత్త మైళ్ళలో కలిపేసింది. 2014లో ఇంకో కేసు వచ్చింది. తనను సభ్యత్వంలోంచి తీసేశారని ఒక యూదు మతగురువు వేరే కంపెనీమీద వేసిన దావా అది. కంపెనీ ఇష్టప్రకారం తీసెయ్యవచ్చని కాగితంలోనే ఉంది, సుప్రీం కోర్టు కూడా ఆయన వాదన తోసిపుచ్చింది. నిజాయితీగా వ్యవహరించాలన్న రాష్ట్రపు సూత్రం ఇక్కడ పనికిరాదంది. ఈసారి న్యాయమూర్తులందరిదీ ఒకే మాట. అంటే మనల్ని రక్షించేదీ ఆ సన్నక్షరాల కాగితమే, ముంచేదీ అదే.

2015, 2016 వచ్చేసరికి అక్కడి పెద్ద కంపెనీలు తిరిగిన దూరాన్ని బట్టి కాక, పెట్టిన డబ్బును బట్టి మైళ్ళు ఇవ్వడం మొదలెట్టాయి. పేరుకే మైలు మిగిలింది!

మనకెందుకీ గొడవ అంటారేమో. మా చెల్లెలి కూతురు డల్లాస్‌లో ఉంటుంది. పురిటికి వాళ్ళమ్మను రప్పించుకోవాలని మూడేళ్ళు మైళ్ళు కూడబెట్టింది. ఏ కంపెనీయో పేరెందుకు లెండి. ఏడో నెలలో చూసుకుంటే, సరిపోతాయనుకున్నవి కాస్తా సగానికి వచ్చాయి. మా అల్లుడు అప్పటికప్పుడు డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నాడు. “పెద్దమ్మా, ఇది న్యాయమా?” అని ఫోనులో ఒకటే ఏడుపు. దాని కళ్ళకు పోయినవి మైళ్ళు కావు. ప్రతిసారీ రెండు విమానాలు మారి, నిద్ర చెడగొట్టుకుని, అమ్మకోసం పడ్డ శ్రమ అంతా పోయిందనిపించింది.

2024 సెప్టెంబరులో అమెరికా రవాణాశాఖ నాలుగు పెద్ద కంపెనీలను ఈ పథకాల గుట్టు విప్పమని లెక్కలు అడిగింది. దానివల్ల ఒరిగేదేమిటో చూసేదాకా మా పిల్ల ఆగదలుచుకోలేదు. ఇప్పుడది మైళ్ళు దాచదు. లెక్క కుదిరిన రోజునే టిక్కెట్టు కొనేస్తుంది. ఆ పుణ్యాన మా చెల్లెలు రెండేళ్ళకోసారి గోంగూర పచ్చడి సీసాలు కట్టుకుని డల్లాస్ వెళ్ళొస్తోంది.