రిజల్ట్స్ రోజు సైట్ మొరాయిస్తే.. ప్రోగ్రామింగ్ భాష మారిస్తే సరిపోతుందా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మీరు హాల్‌టికెట్ నంబర్ కొట్టి బటన్ నొక్కుతారు. తెల్లటి పేజీ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. తత్కాల్ టికెట్ కోసం ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లకూ ఇది తెలిసిన అనుభవమే.

ఇలా జరిగినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: ''పాత టెక్నాలజీ, కొత్తదానికి మారుస్తున్నాం'' అని. వెబ్ ప్రపంచంలో ఆ 'కొత్తది' అంటే ఇప్పుడు చాలాసార్లు గో, రస్ట్ లాంటి కంపైల్డ్ భాషలు. పీహెచ్‌పీ, పైథాన్, రూబీ లాంటి స్క్రిప్టింగ్ భాషల్లో రాసిన కొన్ని పనులను పెద్ద కంపెనీలు వీటిలోకి మార్చుకున్నాయి. మరి ప్రభుత్వ సైట్‌నూ అలా మార్చేస్తే మీ మార్కులు వెంటనే కనిపిస్తాయా? మార్చడానికయ్యే ఖర్చు మన పన్నుల నుంచే వెళుతుంది కాబట్టి, ఈ ప్రశ్న ఇంజినీర్లకు మాత్రమే సంబంధించింది కాదు.

అసలు తేడా ఏంటి?

ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుడు సభలో హిందీలో మాట్లాడుతుంటే, పక్కన ఒకరు నిల్చుని ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెబుతుంటారు. స్క్రిప్టింగ్ భాష దాదాపు అలాంటిదే. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మధ్యలో ఒక అనువాదకుడు ఉండాలి. కంపైల్డ్ భాషలో ప్రసంగం మొత్తాన్ని ముందురోజే తెలుగులోకి మార్చి, అచ్చువేసి ఉంచుతారు. సభ రోజున చదవడమే మిగులుతుంది.

ఈ పోలికను మరీ సాగదీయకూడదు. జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజిన్లు తరచూ వాడే భాగాలను అప్పటికప్పుడే కంపైల్ చేసుకుంటాయి. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8లోనూ ఆ సదుపాయం ఉంది. అయినా తేడా పూర్తిగా పోలేదు. వెబ్ డెవలపర్లు రోజూ వాడే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌నే తీసుకోండి. దాన్ని గో భాషలో తిరగరాస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ప్రకటించింది. ఒక పెద్ద ప్రాజెక్టును తనిఖీ చేయడానికి అంతకుముందు 77.8 సెకన్లు పట్టేది, కొత్తదానితో 7.5 సెకన్లు.

వేగం కన్నా ప్రభుత్వ సేవలకు ఎక్కువ పనికొచ్చే లాభం ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. పుట్టిన తేదీ ఉండాల్సిన చోట ప్రోగ్రామర్ పొరపాటున ఫోన్ నంబర్ పంపేలా రాశారనుకోండి. రెండింటికీ వేర్వేరు రకాలు అని ముందే చెప్పి ఉంటే, కంపైలర్ అక్కడే ఆపేస్తుంది, ప్రోగ్రామ్ బయటికే రాదు. స్క్రిప్టింగ్ భాషలో అదే తప్పు, ఎవరో పెన్షనర్ రాత్రి ఎనిమిదింటికి 'సబ్మిట్' నొక్కినప్పుడు బయటపడొచ్చు.

ఇక రద్దీ సంగతి. గూగుల్ 2009లో ప్రకటించిన గో భాషను ఇలాంటి పనుల కోసమే తయారుచేశారు. ఇందులో ఒక్కో అభ్యర్థనను చూసుకునే చిన్న పనిముక్క సుమారు 2 కిలోబైట్ల మెమరీతో మొదలవుతుంది. అందుకే ఒకే సర్వర్ మీద వేలమందిని ఒకేసారి నిలబెట్టడం తేలిక.

మార్చినవాళ్లకు ఏం జరిగింది?

ట్విటర్ మొదట్లో రూబీ ఆన్ రైల్స్ మీద నడిచేది. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్ సమయంలో ఆ సైట్ పదేపదే పడిపోయింది. 2011లో సెర్చ్ విభాగంలో రూబీ స్థానంలో జావాతో రాసిన సర్వర్ పెట్టాక, ఫలితాలకు పట్టే సమయం మూడోవంతుకు తగ్గిందని కంపెనీ చెప్పింది. 2013 ఆగస్టులో జపాన్ టీవీలో ఒక యానిమేషన్ సినిమా ప్రసారమవుతుండగా సెకనుకు 1,43,199 ట్వీట్లు వచ్చినా సైట్ నిలబడింది. అయితే అప్పటికి వాళ్లు మార్చింది భాషను ఒక్కదాన్నే కాదు. ఒకే ముద్దగా ఉన్న వ్యవస్థను చిన్నచిన్న సేవలుగా విడగొట్టారు, డేటా దాచే పద్ధతినీ మార్చారు. ఆ ఘనత అంతా భాషకే కట్టబెట్టడం సరికాదు.

ప్రభుత్వ సేవల్లో మనకు దగ్గరి ఉదాహరణలు రెండున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ సేవలన్నిటికీ ఒకే గుమ్మంగా ఉన్న 'గవ్.యూకే' సైట్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ రూబీయే. వచ్చిన ప్రతి అభ్యర్థనను ఎటు పంపాలో నిర్ణయించే రూటర్‌ను మాత్రం గోలో రాశారు. రెండోది బహుశా మీ ఫోన్‌లోనే ఉంటుంది: కోవిడ్ టీకా సర్టిఫికెట్. దాని వెనకున్న 'డైవాక్' అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో టీకా వివరాలు అందుకునే భాగాలు గోలో ఉన్నాయి. సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పెట్టే భాగం జావాస్క్రిప్ట్‌లో ఉంది. అంటే రద్దీ తగిలే చోట ఒకటి, మిగతా చోట అలవాటైనది. వెబ్‌లో పది సైట్లలో నాలుగింటికి పైగా నడిపే వర్డ్‌ప్రెస్ కూడా పీహెచ్‌పీలోనే ఉంది, అది ఇప్పట్లో ఎక్కడికీ పోదు.

మరి మన చక్రం ఎందుకు తిరుగుతోంది?

చిన్న లెక్క చూద్దాం. ఒక పేజీ రావడానికి 1000 మిల్లీసెకన్లు పడుతోందని, అందులో 800 డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడటానికే పోతోందని అనుకుందాం. కోడ్‌కు పట్టేది 200. దాన్ని పది రెట్లు వేగంగా నడిచే భాషలో తిరగరాస్తే 200 కాస్తా 20 అవుతుంది. మొత్తం 820. కోట్లు పెట్టినా మీకు తేడా తెలియదు.

పైగా పరీక్ష ఫలితం విడుదలయ్యాక నిమిషనిమిషానికీ మారేది కాదు. ఒక్కో హాల్‌టికెట్‌కూ పేజీని ముందే తయారుచేసి, దేశమంతా ఉన్న కాపీ సర్వర్లలో పెట్టేస్తే డేటాబేస్‌ను అడగాల్సిన అవసరమే ఉండదు. దీనికి ఏ భాషైనా చాలు. తత్కాల్ అలా కాదు. ఒకే బెర్త్ కోసం వేలమంది ఒకే క్షణంలో పోటీపడతారు, దాన్ని ఒక్కరికే ఇవ్వాలి. అక్కడ భాష కొంత సాయపడుతుంది కానీ, అసలు కష్టం ఆ ఒక్క లెక్క తప్పకుండా చూడటంలో ఉంది.

'కొత్త భాషతో భద్రత పెరుగుతుంది' అన్న మాటనూ కాస్త ఆగి వినాలి. రస్ట్‌కు ఆ పేరొచ్చింది సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లోని మెమరీ తప్పులను అది ముందే ఆపుతుంది కాబట్టి. పైథాన్, పీహెచ్‌పీలలో రాసే మామూలు కోడ్‌కు ఆ రకం తప్పుల బెడద తక్కువే. ఎవరి వివరాలు ఎవరు చూడొచ్చో సరిచూడటం మరచిపోతే, రస్ట్‌లో రాసినా మీ డేటా బయటికి పోతుంది.

కాబట్టి సైట్‌ను తిరగరాస్తున్నామనే ప్రకటన కనిపిస్తే భాష పేరు దగ్గర ఆగకండి. ఒకేసారి ఎంతమందితో లోడ్ టెస్ట్ చేస్తారు, ఆ నివేదిక ఎవరు చూస్తారు అన్నది టెండర్ పత్రంలో ఉందేమో వెతకండి. కేంద్ర సంస్థల టెండర్లు కేంద్ర ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో, రాష్ట్రాలవి వాటి ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లలో దొరుకుతాయి. అక్కడ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకైతే దరఖాస్తు రుసుం 10 రూపాయలు.