రాశినామములు - యవనగాథలు

నంద్యాలచుట్టును నవనందులు, ఆళ్లగడ్డ కనతిదూరమున నహోబిలమందు నవనారసింహులు వెలసియున్నారు. ఈ సీమ బాలురకు ద్వాదశరాశులను బోధించునపుడు వృషభ మనఁగానే నందీశ్వరుఁడును, సింహ మనఁగానే యహోబిలస్వామియు స్ఫురించుట సహజము. ఆకసమునందలి యెద్దు మహానంది యెద్దే యనియు, ఆ సింహము నరసింహుఁడే యనియుఁ జెప్పి బాలుర నలరించు నుపాధ్యాయులును గలరు. భక్తికిఁ గొదవ లేదు గాని, చరిత్రకుఁ బ్రమాణము కావలయును. మన పంచాంగములందలి రాశిచక్రము యవనులద్వారమున వచ్చినదనుటకు సాక్ష్యమును మఱెక్కడనో వెదకఁ బనిలేదు. జ్యోతిష్కులు నిత్యము పఠించు బృహజ్జాతకమందే యున్నది. అది శబ్దసాక్ష్య మగుటచే వైయాకరణులు విచారింపఁదగినది.

వేదవాఙ్మయము నక్షత్రముల నెఱుఁగును, మేషాదిరాశుల నెఱుఁగదు. వేదాంగజ్యోతిషపు గణనమంతయు 27 నక్షత్రములపై నాధారపడినది. పాణిని చైత్రీ, కార్తికీ మొదలగు పౌర్ణమాసీనామములను బేర్కొని, వానినుండి మాసనామములను సాధించెను. రాశ్యర్థమున మేషాదిశబ్దములను సాధించు సూత్ర మష్టాధ్యాయియందు లేదు. యవనశబ్దము మాత్రము గలదు. స్త్రీప్రత్యయప్రకరణమున ఇంద్ర, వరుణాదులతోఁ గూడ యవనశబ్దమునకును ఆనుగాగమము విధింపఁబడినది. 'యవనానీ' యనఁగా యవనుల లిపి యని కాత్యాయనుఁడు వార్తికమున నర్థమును నియమించెను. యవనుల లిపి యీ దేశమువారికిఁ దెలిసిన పిమ్మటఁ జాల శతాబ్దములకుఁగాని వారి రాశులు మన శాస్త్రమునఁ బ్రతిష్ఠ నొందలేదు.

క్రీ.శ. 6వ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁడు బృహజ్జాతక ప్రథమాధ్యాయమున మేషాదులకుఁ గ్రియ, తావురి, జితుమ, కుళీర, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ యను పేళ్లను వరుసగాఁ జెప్పెను. గ్రీకుభాషలోఁ బొట్టేలు క్రియోస్, ఎద్దు తౌరోస్, కవలలు దిదుమోయ్, సింహము లేఓన్, కన్య పర్థేనోస్, కాఁడి లేక త్రాసుకోల జుగోన్, తేలు స్కోర్పియోస్, విలుకాఁడు తోక్సోతేస్, మేఁకకొమ్ములది ఐగోకెరోస్. కుళీరమొక్కటి సంస్కృతమునందే యున్న శబ్దము. తక్కినవానిని బ్రకృతిప్రత్యయవిభాగముచే సాధింపఁబూనుట వృథాశ్రమ. క్రియ యనుచోఁ గృఞ్ ధాతువును జూపవచ్చును. కాని పొట్టేలికిని జేయుటకును సంబంధ మేమి? జితుమ యనుచో నా యుపాయమును దొరకదు.

వీనియందు మిక్కిలి విచిత్రమైనది హృద్రోగ. కుంభరాశికి గుండెజబ్బు పేరెట్లు వచ్చినది? గ్రీకులో హుద్రోఖోఓస్ అనఁగా నీరు పోయువాఁడు. అర్థము తెలియని శబ్దమును విన్న చెవి దానిని దన భాషలోని పరిచితశబ్దముగా మలఁచుకొన్నది. పరభాషాశబ్దము వచ్చినచోట నిట్టి మార్పు కలుగుట మన తెలుఁగునందును గానవచ్చును. పై యక్షరానుకరణములో హకారదకారములు స్థిరముగా నిలుచుటయుఁ గమనింపఁదగినది.

మీనరాశిచోట నొక చిక్కు గలదు. శ్లోకాంతమున 'ఇత్థమ్' అని యున్నది. అది 'ఈ ప్రకారముగా' నను నవ్యయ మనవచ్చును. అపుడు మీనమునకు 'అంత్యభ' మనునదియే పేరగును. గ్రీకులో చేఁప ఇఖ్థూస్ కాఁబట్టి, ఇత్థమే పేరనియుఁ గొందఱు పాశ్చాత్యపండితులు వాదించిరి. అంత్యభ మనఁగాఁ గడపటి రాశి యని మాత్రమే యర్థము. పదునొకండు రాశులకు యవననామము లిచ్చి పండ్రెండవదానికి వట్టి సంఖ్యాస్థానమును జెప్పి విడుచుట వింతగా నుండును. కాఁబట్టి నేను రెండవ పక్షమువైపే మొగ్గుదును. అయినను నవ్యయపక్షమున నన్వయదోష మేమియు లేదని యొప్పుకొనవలయును.

రాశినామములతోనే యిది ముగియదు. హోరా, కేంద్ర, లిప్తా, జామిత్ర శబ్దములు నా కోవకుఁ జెందినవే. హోరాశబ్దము అహోరాత్రశబ్దమున మొదటి తుది యక్షరములు లోపింపఁగా నేర్పడినదని వరాహమిహిరుఁడు కొందఱి మతముగాఁ జెప్పెను. చమత్కారమే గాని, గ్రీకు హోరా శబ్దము కన్నులయెదుట నుండఁగా నా లోపకల్పన యక్కఱలేదు. కేంద్రము గ్రీకు కెంత్రోన్. నేఁడు ప్రభుత్వకార్యములనుగుఱించి యెన్నిమాఱులు కేంద్ర మనుచున్నారో, అన్నిమాఱులు యవనశబ్దమునే పలుకుచున్నారు. ఈ ఋణమును వరాహమిహిరుఁడు దాఁచలేదు. యవనులు మ్లేచ్ఛులైనను శాస్త్రము వారియందు చక్కఁగా నుండుటచే ఋషులవలెఁ బూజింపఁబడుదురని బృహత్సంహితయందుఁ జెప్పినాఁడు. స్ఫుజిధ్వజుని యవనజాతకము పేరుననే యా జాడ నిలిచియున్నది.

యవనులకును రాశులు సొంతసొత్తు కావు. క్రాంతివృత్తమును ముప్పదేసి భాగల పండ్రెండు సమఖండములుగా విభజించినవారు బాబిలోనువారు, అది క్రీ.పూ. 5వ శతాబ్దినాఁటి పని. ఎద్దు, తేలు, మేఁకచేఁప మున్నగు రూపములు వారివే. యవనులు వానికిఁ దమ పురాణకథలను దొడిగిరి. పొట్టేలు ఫ్రిక్సోసును మోసిన బంగారుబొచ్చుది; వృషభము యూరోపా యను కన్యను సముద్రముమీఁద మోసికొనిపోయిన జూస్ దేవుఁడు; సింహము హేరాక్లెసు చంపిన నెమెయా సింహము; ఎండ్రకాయ యతఁడే హుద్రా యను జలసర్పముతోఁ బోరుచుండఁగా నతని కాలిక్రింద నలిగినది. తేలు ఒరియోను అను వేఁటకానిఁ గుట్టి చంపెననియు, అందుచేతనే తేలు తూర్పున నుదయింపఁగానే యతఁడు పడమటఁ గ్రుంకుననియుఁ జెప్పిరి. ఈ కడపటిది ప్రత్యక్షమే. మన మృగశిరయు వృశ్చికమును నెదురెదుర నున్నవి గదా.

ఇట్టి కథలు మన దేశమునకు రాలేదు. రూపములు మాత్రమే వచ్చినవి. కథ లేని రూపమునందుఁ గొన్ని వస్తువు లేల యున్నవో తెలియకయే నిలిచిపోయినవి. వరాహమిహిరుని మిథునమునకు గదయు వీణయుఁ గలవు. ఎందుకు? కవలలలో నొకనిని అపోలో యనియు, నొకనిని హేరాక్లెసనియుఁ జెప్పు సంప్రదాయమును యవనజ్యోతిష్కుఁడు టాలెమీ పేర్కొనెను. అపోలోకుఁ దంత్రీవాద్యము, హేరాక్లెసునకు గద చిహ్నములు. మనవారు మిథునశబ్దమును దంపతులుగా గ్రహించి గదను బురుషునకును, వీణను స్త్రీకిని బంచిపెట్టిరి. ధనువు గుఱ్ఱపు వెనుకభాగముగల విలుకాఁడు, మకరమునకు మృగముఖము. ఆ మృగముఖము ఐగోకెరోసు మేఁకతలయే. కన్య చేత ధాన్యము గలదు. గ్రీకుకన్య చేతను ధాన్యపుఁగంకి గలదు, అచటి తారయే మన చిత్ర. చైత్రమాసమునకుఁ బేరిచ్చిన నక్షత్రము యవనకన్య చేతి కంకియైనదన్నమాట. కన్య యెక్కిన యోడయు, రెండవచేతి యగ్నియు మనదేశమునఁ జేరినవని తోఁచుచున్నది.

చాంద్రమానమును బాటించు మనకు రాశులతోఁ బనియేమని యెవరైన ననవచ్చును. సంక్రమణము లేని చాంద్రమాసమే యధికమాసము; కాఁబట్టి రాశి లేనిదే తెలుఁగు పంచాంగమును నడువదు. ఆకాశమందలి తారాసమూహములు మాత్రము ముప్పది భాగల లెక్కకు లొంగవు. 1930లోఁ బ్రకటింపఁబడిన యంతర్జాతీయ సరిహద్దుల ననుసరించి సూర్యుఁడు కన్యాతారలలో సుమారు 45 దినములుండును, వృశ్చికతారలలో 7 దినములే. విషువచ్చలనము వేఱొక చిక్కు. ఏటికి సుమారు 50 వికలల చొప్పున, 72 సంవత్సరములకు భాగ చొప్పున జరిగి జరిగి నేఁడు దాదాపు 24 భాగల యంతర మేర్పడినది. అందుచే నిజమగు నుత్తరాయణము డిసెంబరు 21, 22 తేదీలలోను, మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలోను గలుగుచున్నవి.

శృంగేరి విద్యాశంకరాలయస్తంభములపై ద్వాదశరాశులును జెక్కఁబడియున్నవి. ఆళ్లగడ్డ శిల్పులు దేవతామూర్తులను మలఁచుటలోఁ బేరుపడినవారు. రాశిచక్రమును జెక్కింపఁగోరువా రెవరైన వారికి బజారు పంచాంగపుఁ బటమును జూపినచో ధనువునకు వట్టి విల్లును, కన్యకు వట్టి స్త్రీమూర్తియు, మకరమునకు మొసలియు మిగులును. పండితు లట్టిచో బృహజ్జాతకమును విప్పి చూపవలయును: గుఱ్ఱపుఁగాళ్లు, ధాన్యము, ఓడ, మృగముఖము, గద, వీణ. మీనమునకు రెండు చేఁపలు. యవనులు చిత్రించు పటములందు వాని తోఁకలను గలుపుచు నొక త్రాడుండును, దాని ముడియొద్ద నొక తార వెలుఁగును. వరాహమిహిరునిలో నా త్రాడు లేదు.