హైదరాబాద్‌కి కొత్తగా వస్తే ఏ ఏరియాలో ఉండాలి? చరిత్ర చెప్పే సమాధానం

ఉద్యోగానికో, కోచింగ్‌కో మొదటిసారి హైదరాబాద్ బస్సెక్కే ప్రతి ఒక్కరికీ ఒకటే టెన్షన్. ఏ ఏరియాలో రూమ్ తీసుకోవాలి? ఈ ప్రశ్న మనతోనే మొదలవలేదు. ఈ ఊరు పుట్టినప్పటి నుంచీ ఉంది.

హైదరాబాద్ కట్టింది 1591లో. మూసీ మీద పురానాపూల్ వంతెన అప్పటికే ఉంది, అది 1578 నాటిది. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి ఇక్కడికి వచ్చాడు. ఆయన ఏం రాశాడో తెలుసా? నగరం లోపల పెద్ద అధికారులు, రాజుగారి మనుషులే ఉంటారట. వ్యాపారులు, దళారులు, చేతిపనివాళ్లు వంతెనకి ఇవతల, బయటి పేటలో ఉంటారట. పొద్దున పదీ పదకొండుకి వంతెన దాటి లోపలికెళ్లి బేరాలు చేసుకుని, రాత్రి పడుకోవడానికి మళ్లీ ఇవతలికే వస్తారట. అంటే ఊరి బయట ఉండి, పనికోసం లోపలికి రోజూ తిరగడం ఇక్కడ అప్పుడే మొదలైందన్నమాట!

మరి ఆ రోజు దిగిన కొత్తవాడి సంగతి? వాళ్లకి సరాయిలు ఉండేవి. గోల్కొండ దారిలో షేక్‌పేట సరాయి ఇప్పటికీ కనిపిస్తుంది. కార్వాన్ అనే పేరే బిడారు వర్తకాన్ని గుర్తుచేస్తుంది.

తర్వాత దారి మారింది, దిగే చోటూ మారింది. 1806లో ఇంగ్లీషువాళ్ల దండు చుట్టూ సికింద్రాబాద్ పుట్టింది. 1874లో అక్కడికి రైలొచ్చింది. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. ఏడో నిజాం కాలంలో దాని దగ్గరే ప్రయాణికుల కోసం సరాయి కట్టారు. రైలు ఎక్కడ ఆగితే బస అక్కడ!

ఇక మన కాలం. సాఫ్ట్‌వేర్ కోర్సులు అమీర్‌పేటలో పెరిగాయి. వాటి వెంటే హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, మెస్‌లు వచ్చాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది, పని అటు జరిగింది. 2017లో మెట్రో వచ్చింది. ఇప్పుడు రెండు మెట్రో లైన్లు కలిసే చోట్లలో అమీర్‌పేట ఒకటి.

గమనించారా? ప్రతిసారీ కొత్తవాళ్లు చూసుకున్నవి మూడే: పనికి దారి, తక్కువలో తిండి, కొత్తవాడిని రానిచ్చే గది. ఏరియా పేరు గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట.

అందుకే మీరూ అలాగే చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో దూరం ఆదివారం మధ్యాహ్నం కాదు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి చూడండి. దగ్గరలో మెట్రో గానీ బస్టాప్ గానీ ఉందా అడగండి. రాత్రి ఆలస్యమైతే ఆ వీధిలో నడవగలమా, ముఖ్యంగా అమ్మాయిలు, ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. మొదటి నెల హాస్టల్‌లో ఉండి, ఊరు అర్థమయ్యాకే పెద్ద అడ్వాన్స్ కట్టండి. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు అది, ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు కూడా మీవే.

మొదటి గది శాశ్వతం కాదు ఫ్రెండ్స్. ఊరే ఇన్నిసార్లు చోటు మార్చింది, మనం మారడానికేం?