పడవ కట్టు (గోదావరి)

గోదావరిలో పాపికొండల విహారానికి తిరిగే లాంచీలను రేవులో నిలిపి ఉంచే పద్ధతి. దిగువన దేవీపట్నం దగ్గరి గండిపోచమ్మ, ఎగువన పోచవరం ముఖ్యమైన రేవులు.

ముందు భాగాన్ని ప్రవాహానికి ఎదురుగా తిప్పి, లంగరు వేసి, మోకులను గట్టుమీది గుంజలకు కడతారు. అసలు పని ఆ తర్వాతే. నీరు తీస్తే పడవ ఇసుక మేటెక్కుతుంది. పెరిగితే బిగిసిన మోకు తెగుతుంది. అందుకే కాపలా మనిషి అర్ధరాత్రి లేచైనా మోకు సడలించాలి, లేదా బిగించాలి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. వరదల్లో విహారం ఆగినా ఈ కాపలా ఆగదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద లాంచీ మునిగింది వరద నీటిలోనే. రేవుల దగ్గర కంట్రోల్ రూములు 2020లో వచ్చాయి, ఆలస్యంగానే.