కెమికల్ ఇంజనీరింగ్ పరిశోధన: వాల్తేరు నుంచి తాడేపల్లిగూడెం వరకు

ఆంధ్ర ప్రాంతంలో కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యుల పరిశోధనకు పుట్టిల్లు వాల్తేరు. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయం 1933లో రసాయన సాంకేతిక శాఖను ప్రారంభించింది. బొంబాయి విశ్వవిద్యాలయం ఇలాంటి శాఖను తెరిచిందీ ఆ సంవత్సరమే. 1964లో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలోనూ ఈ శాఖ మొదలైంది.

వాల్తేరు కృషిలో ముందు చెప్పుకోవలసింది ద్రవ్య బదిలీ. ద్రవంలో కరిగిన పదార్థం ఒక ఉపరితలాన్ని ఎంత వేగంగా చేరుతుందో తెలియకపోతే ఏ రసాయన కర్మాగారానికీ డిజైను కుదరదు. ఆ వేగాన్ని విద్యుత్తుతో కొలిచే పద్ధతి ఒకటుంది. సాధారణంగా ఫెర్రిసయనైడ్, ఫెర్రోసయనైడ్ కలిసిన ద్రావణంలో ఎలక్ట్రోడ్లు ఉంచి వోల్టేజీ పెంచుతూ పోతారు. ఒక దశ వచ్చేసరికి కరెంటు పెరగడం ఆగిపోతుంది. ఎలక్ట్రోడ్‌ను తాకిన అయాన్ తాకినట్టే చర్యలో ఖర్చయిపోతుంది గనక, అప్పటి కరెంటు చూస్తే అయాన్లు చేరే వేగం తెలిసిపోతుంది. ఆచార్య సి. వెంకటరావు, జి.జె.వి. జగన్నాథరాజు ఈ అయానిక ద్రవ్య బదిలీని ద్రవ ప్రవాహంలో తేలియాడే ఘన రేణువుల మధ్య పరిశీలించి 1965లో ఫలితాలు ప్రచురించారు. రేణువులు ఎలక్ట్రోడ్ ఉపరితలం దగ్గరి పలుచని నిశ్చల పొరను చెదరగొట్టి బదిలీని పెంచుతాయి. ఖరీదైన యంత్రాలు లేకుండా, నిఖార్సయిన కొలతతో సాధించిన పని ఇది. తెలుగునాట దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

2000 తర్వాత ఆచార్యుల ఆసక్తి కలుషిత జలాల వైపు మళ్లింది. టేకు ఆకుల పొడితో జింకును, నేరేడు ఆకుల పొడితో సీసాన్ని నీటినుంచి తొలగించడంపై ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే 2006, 2007లలో వ్యాసాలు వచ్చాయి.

రాష్ట్ర విభజన చట్టం హామీ మేరకు 2015లో తాడేపల్లిగూడెంలో ఆంధ్రప్రదేశ్ నిట్ ఏర్పడింది. వరంగల్ నిట్ మార్గదర్శకత్వంలో, మొదట పెదతాడేపల్లిలోని శ్రీ వాసవి ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో తరగతులు నడిచాయి. తొలి శాఖల్లో కెమికల్ ఇంజనీరింగ్ ఒకటి. తాడేపల్లిగూడెానికి నైరుతి దిక్కున 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సు ఉంది.

బియ్యం మిల్లులు, చేపల చెరువులు ఉన్న ఈ ప్రాంతంలో కెమికల్ ఇంజనీరింగ్‌కు పని కరువు లేదు. బియ్యం మిల్లు నుంచి తవుడు బయటికి రాగానే అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. దాన్ని వెంటనే వేడిచేసి అరికట్టకపోతే వంటనూనె దిగుబడి పడిపోతుంది. ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అధిక భాగం సిలికాయే. చేపలు, రొయ్యల చెరువుల్లో మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో నీటి పీహెచ్ పెరిగి, అమోనియా మరింత విషపూరితమవుతుంది. ఇక చెరువులో తిరిగే ఏరేటర్ చేసేది గాలిలోని ఆక్సిజన్‌ను నీటికి బదిలీ చేయడమే. వాల్తేరు ఆచార్యులు ఘన ఉపరితలం దగ్గర లెక్కగట్టిన ద్రవ్య బదిలీయే ఇక్కడ నీటికీ గాలికీ మధ్య సాగుతుంది. ఏరేటర్ ఎంతసేపు తిరగాలన్నది రైతు కరెంటు బిల్లునూ చేపల ప్రాణాన్నీ నిర్ణయిస్తుంది.

చెరువుల మురుగు కొల్లేటికి చేరకముందే శుద్ధి చేయడం వీటన్నింటిలో అత్యవసరమైన సమస్య. ఈ ప్రాంత ఆచార్యుల పరిశోధనాంశాల్లో దీనికే మొదటి స్థానం దక్కాలి.