ఆదిభట్ల నారాయణదాసుగారి ఆచార్యకము

ఆంధ్రదేశమున హరికథ యనఁగనే స్మరణకు వచ్చునది ఆదిభట్ల నారాయణదాసుగారి పేరు. హరికథాపితామహులని లోకము వారినెంతగాఁ గొనియాడెనో, విజయనగర సంగీతకళాశాలకుఁ బ్రథమాధ్యక్షులుగా వారు చేసిన కృషి యంతగా మఱుగుపడినది. ఆ కృషి యిచట విచారింపఁబడుచున్నది.

దాసుగారు రక్తాక్షి సంవత్సరమున, 1864 ఆగష్టు 31వ తేదిని, బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. జన్మనామము సూర్యనారాయణ. బాల్యమున బొబ్బిలియందు వాసా సాంబయ్యగారికడఁ గొలఁదికాలము సంగీతమభ్యసించిరి, తక్కినదంతయు స్వయంకృషియే. 1883లో చెన్నపురినుండి వచ్చిన కుప్పుస్వామినాయుఁడుగారి హరికథను విజయనగరమున విని, తామును ధ్రువచరిత్రమును రచించి గానము చేసిరి. నాఁటినుండి సాహిత్యము, సంగీతము, నృత్యము, అభినయము వారియం దేకీభవించెను.

వాగ్గేయకారులుగా వారి ప్రతిభకుఁ దార్కాణము దశవిధరాగనవతికుసుమమంజరి. తొంబది రాగము లొక్క గేయమునఁ గూర్పఁబడుట సామాన్యము కాదు. ఏకకాలమున నైదు తాళములను నడపు పంచముఖియందును వారు సిద్ధహస్తులు. ఉమరు ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుఁగునకును బరివర్తించి 1932లోఁ బ్రకటించిరి.

1919లో శ్రీ విజయరామగజపతి మహారాజుగారు విజయనగరమున గానపాఠశాలను నెలకొల్పిరి. ఆస్థానోద్యోగి యొకరి యంధకుమారుని సంగీతవిద్యాసక్తి దీనికి హేతువని ప్రతీతి. మహారాజుగారు దానికి దాసుగారి నధ్యక్షులుగా నియమించిరి. గురుకులక్రమమునఁ బెక్కేండ్లు చదువని వారు గురుపీఠ మధిష్ఠించుట విశేషము. ఆ సంవత్సరముననే యిరువదియాఱేండ్ల ద్వారము వేంకటస్వామినాయుఁడుగారు విద్యార్థిగాఁ జేరవచ్చిరనియు, ఆయన వాద్యమును విని దాసుగారు వాయులీనాచార్యపదవి నొసఁగిరనియుఁ జెప్పుదురు. నాయుఁడుగారప్పుడే యాచార్యులైరనుట నిర్వివాదము. వయస్సును బట్టి కాక విద్యను బట్టియే యధికారము నిర్ణయింపఁదగునని దాసుగారి నిశ్చయమై యుండవలెను. స్వయంసిద్ధులగు వారికిఁ బరుల సిద్ధిని గుర్తించుట సహజమే కదా.

1936లో దాసుగారు విరమింపఁగా నాయుఁడుగారే యధ్యక్షులైరి. దాసుగారు 1945 జనవరి 2వ తేదిని దివంగతులైరి. అనంతరకాలమున గాయకులుగా విఖ్యాతినందిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ పాఠశాలయందే విద్యనభ్యసించిరి. అది నేఁడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలయై వర్ధిల్లుచున్నది.

హరికథకుని కంఠము వానితోడనే యంతరించును. గ్రంథమునఁ బద్యము నిలుచును గాని గానము నిలువదు. గానము నిలుచుటకు శిష్యపరంపర యొక్కటియే శరణ్యము. కావున దాసుగారి కృతులను గణించునప్పుడు గ్రంథములతోపాటు కళాశాలను గూడ లెక్కింపవలసియున్నది.