రోదసికి వెళ్ళొచ్చినవారిని ఏమడుగుదాం?



ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందురోజే మన హడావిడి మొదలవుతుంది. వచ్చేవారికి చక్కెర జబ్బుందా, కారం తింటారా, రాత్రిపూట అన్నమా చపాతీయా అని వాకబు చేస్తాం. కానీ వచ్చినవారితో ఏం మాట్లాడాలో మాత్రం ఎప్పుడైనా ఆలోచించామా? "కులాసాయేనా" అని మొదలెట్టి, "మరో ముద్ద వేసుకోండి" అని ముగిస్తాం. పాపం ఆయన ఎన్ని ఊళ్ళు చూశారో, ఏ కష్టం పడ్డారో, అవన్నీ ఆయన కడుపులోనే ఉండిపోతాయి.

మరి ఆ వచ్చినాయన ఏకంగా రోదసిలోకి వెళ్ళివచ్చిన మనిషైతే?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మేముండేది పాడేరులో. మా ఇంటికి చింతపండు, పసుపు, అడ్డాకులు తెచ్చిచ్చే ఆవిడ ఒకావిడ ఉంది. వారపు సంతకి కొండ దిగి వస్తుంది. ఆవిడ కూతురు హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న సెలవులకి తల్లితోపాటు వచ్చి మా వరండాలో కూర్చుని ఏదో రాసుకుంటోంది. ఏమిటమ్మా అంటే, "రాకేశ్ శర్మగారు మన బడికి వస్తే ఏమడుగుతారు? పది ప్రశ్నలు రాసుకురండి అని మా టీచరు చెప్పారు ఆంటీ" అంది. నిజంగా వస్తున్నారని కాదు, పిల్లల చేత ఆలోచింపజేయడానికి.

కాగితం తీసుకుని చూశాను. మీరెప్పుడు పుట్టారు? ఎక్కడ చదివారు? ఎన్ని రోజులున్నారు? ఎవరితో వెళ్ళారు? ఇలా తొమ్మిది. పదోది ఖాళీ. నేను నవ్వి, "ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి కదే, వాటికోసం అంత పెద్దాయన్ని కూర్చోబెట్టి అడగాలా?" అన్నాను. అన్నాక నాకే సందేహం వచ్చింది. పుస్తకంలో ఉన్నదేదో నాకు తెలుసా? మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. సరే, ముందు మనమే తెలుసుకుందాం అని కూర్చున్నాను. ఆ తెలుసుకున్నదే ఇవాళ మీకు చెబుతున్నాను.

రాకేశ్ శర్మగారు 1949 జనవరి 13న పటియాలాలో పుట్టారు. కానీ పెరిగిందీ చదివిందీ మన హైదరాబాదులోనే. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, ఆ తర్వాత నిజాం కాలేజీ. 1966లో సైనిక శిక్షణకు వెళ్ళి, 1970లో వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1971 యుద్ధంలో మిగ్ విమానాలు నడిపారు. అప్పటి సోవియట్ దేశం మిత్రదేశాలవారిని తన వ్యోమనౌకల్లో తీసుకువెళ్ళేది. అలా మనకూ పిలుపు వచ్చింది. 1982లో ఇద్దరిని ఎంపిక చేశారు, రాకేశ్ శర్మ, రవీష్ మల్హోత్రా. ఇరుకులో భయపడతారేమో చూడడానికి శర్మగారిని బెంగుళూరులో ఒక గదిలో 72 గంటలు ఒంటరిగా ఉంచారు. తర్వాత మాస్కో దగ్గర స్టార్ సిటీలో శిక్షణ. రష్యన్ భాష నేర్చుకోవాలి, యంత్రాలు నేర్చుకోవాలి, గుక్క తిప్పుకోనివ్వని వ్యాయామాలు చెయ్యాలి. మల్హోత్రాగారు కూడా అదంతా చేశారు. చివరికి వెళ్ళేది ఒక్కరే. పెళ్ళికి అన్నీ సిద్ధం చేసి మండపం బయట నిలబడ్డ మనిషి మనసెలా ఉంటుందో మనకి తెలుసు. ఆయన్ని ఎవరైనా ఆ సంగతి అడిగారా అని నాకనిపించింది.

1984 ఏప్రిల్ 3న బైకనూరు నుంచి సోయజ్ టి-11 లేచింది. యూరీ మలిషేవ్, గెన్నాదీ స్త్రెకలోవ్, వారితో మన శర్మగారు. సాల్యూట్-7 అనే రోదసీ కేంద్రంలో అప్పటికే ముగ్గురున్నారు. అందరూ కలిసి ఆరుగురయ్యారు. వారం పైన ఉండి, 7 రోజుల 21 గంటల 40 నిమిషాల తర్వాత ఏప్రిల్ 11న కజకిస్తాన్ మైదానంలో దిగారు. మనిషిని రోదసికి పంపిన దేశాల్లో మనది పద్నాలుగోది అయింది.

ఎంత ఎత్తంటారా? సుమారు 300 కిలోమీటర్లు. విశాఖ నుంచి విజయవాడంత దూరం కూడా కాదు, కాకపోతే నిట్టనిలువుగా! చంద్రుడైతే మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల పైన. ఎందుకు చెబుతున్నానంటే, కొందరు తల్లులు పిల్లలకు తనని చూపించి "ఈ అంకుల్ చంద్రుడి మీదకు వెళ్ళొచ్చారు" అని చెబుతుంటారని ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పారు. అక్కడ దేవుడు కనిపించాడా అని అడిగినవారూ ఉన్నారట. లేదని చెప్పేవారట పాపం. అంచేత ప్రశ్న తయారుచేసుకోవడంలో మొదటి పని, తెలుసుకోగలిగింది ముందే తెలుసుకోవడం. బియ్యం ఏరుకోకుండా ఎసట్లో పోస్తామా?

ఇక ఆయన్ని అడిగిన ప్రశ్నలన్నిటిలో పేరుపడ్డది ఒక్కటే. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ టీవీలో, పై నుంచి భారతదేశం ఎలా కనిపిస్తోందని అడిగారు. ఆయన ఇక్బాల్ గేయంలోని మొదటి మాటలతో జవాబిచ్చారు. మా అత్తగారు ఆ సంగతి పక్కింటివాళ్ళ రేడియోలో విని, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారట. ఆ జవాబు ముందే రాసిచ్చారేమో అని చాలామంది అనుకున్నారు. కాదు. బళ్ళో రోజూ జాతీయగీతం తర్వాత ఆ గేయం పాడేవాళ్ళమని, అది నోటికి వచ్చేసిందని ఆయన తర్వాత చెప్పారు. చూశారా! దేశమంతా గుర్తుపెట్టుకున్న జవాబు ఆయన చిన్నప్పటి బడి ప్రార్థనలోంచి వచ్చింది. రోజూ వల్లెవేసింది ఊరికే పోదు.

ఆ ప్రశ్న ఎందుకు అంత బాగుందంటే, ఆవిడ ప్రధానిగా అడిగినా, అది ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషి ప్రశ్న. దూరదేశం వెళ్ళిన బిడ్డని "మన ఇల్లు గుర్తొస్తోందా?" అని అడిగినట్టుంది. అదే ఏడాది అక్టోబరు 31న ఆవిడ మరణించారు. ప్రశ్న మాత్రం మిగిలింది. చిక్కేమిటంటే, ఆ తర్వాత నలభై ఏళ్ళుగా అందరూ ఆయన్ని ఆ సంగతే అడుగుతున్నారు.

అడగకూడని ప్రశ్నలూ ఉంటాయి. 1983 జూన్‌లో శాలీ రైడ్ అనే ఆవిడ అమెరికా నుంచి రోదసికి వెళ్ళిన మొదటి స్త్రీ. భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. అలాంటావిడని విలేఖరులు, పనిలో ఇబ్బంది వస్తే ఏడుస్తారా అని అడిగారు. తోటి పైలట్‌ని ఈ ప్రశ్న ఎవరూ ఎందుకు అడగరు అని ఆవిడ ఎదురడిగారు. ఇంజనీర్లయితే మరీను. వారం రోజుల ప్రయాణానికి నెలసరి సామాను వంద చాలుతుందా అని అడిగారట! వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళే లేరా అని నవ్వొచ్చింది నాకు. తెలియక అడగడం తప్పు కాదు. అవతలి మనిషిని చిన్నబుచ్చడానికి అడిగేది మాత్రం ప్రశ్న కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా ఒక పెద్దమనిషి మా ఊరు వచ్చి రాకెట్ల గురించి ఉపన్యాసం ఇచ్చారు. సందేహాలుంటే అడగమన్నారు. నేను లేచి, "బరువు లేనిచోట తిరగమోత ఎలా పెడతారండీ?" అన్నాను. హాలంతా గొల్లుమంది. "వంటింటి ప్రశ్నలు వంటింట్లో అడుగమ్మా" అన్నారాయన. కూర్చున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నలుగురిలో నోరు విప్పలేదు.

ఇప్పుడు చదివితే తెలిసింది, అది ఎంత పెద్ద ప్రశ్నో! అక్కడ నీళ్ళు గిన్నెలో నిలవవు, ఉండలై తేలతాయి. వేడిగాలి పైకి లేవదు కనుక మంట కూడా మన పొయ్యి మీదలా నాలుకలు చాచదు, గుండ్రంగా ముడుచుకుంటుంది. ఆవాలు చిటపటమంటే ఇక అవి ఎక్కడ ఆగుతాయో ఎవరు చెప్పగలరు! ఒక్క రొట్టె పొడి రేణువు యంత్రంలో దూరితే ప్రమాదం. అందుకే అక్కడ వండరు, ఇక్కడే వండి, చెడకుండా, పొడి రాలకుండా కట్టి పంపుతారు. శర్మగారి కోసం ఆ పని చేసింది మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనశాల. 1961లో పెట్టినది. సూజీ హల్వా, ఆలూ చోలే, వెజిటబుల్ పులావు కట్టిచ్చారు. ఆయన వాటిని తోటివారికీ పెట్టారు. మళ్ళీ 41 ఏళ్ళకి, 2025 జూన్‌లో శుభాంశు శుక్లాగారు అంతర్జాతీయ రోదసీ కేంద్రానికి వెళ్ళినప్పుడు, ప్రధాని మాట్లాడుతూ క్యారెట్ హల్వా తోటివారికి పెట్టారా అని అడిగారు. వంటింటి ప్రశ్న ప్రధానమంత్రి నోట వస్తే దేశమంతా మురిసింది. మనం అడిగితే నవ్వుతారా?

మళ్ళీ మా వరండాలోకి వద్దాం. ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. తొమ్మిది ప్రశ్నల్లో ఏడు కొట్టేసింది. "నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదేమిటే?" అన్నాను. తల వంచుకుంది. తల్లి అడ్డాకులు కట్టలు కడుతూ అందుకుంది: "నానొకటి సెప్పినానమ్మా, అది రాయనంటంది. అప్పుడు మాయమ్మ కొండమీద పోడు కాల్సేది. ఆ పొగ అగుపడినాదేటి ఆయనకి అని."

పిల్ల ముఖం ఎర్రబడింది. "పోడు అంటే క్లాసులో నవ్వుతారు ఆంటీ. అడవి కాల్చేవాళ్ళమంటారు" అంది మెల్లిగా.

నాకు కాసేపు మాట రాలేదు. పట్నంలో ఉన్న మీకోసం చెబుతున్నాను. పోడంటే కొండవాలులో చెట్టూ చేమా కొట్టి, ఎండనిచ్చి, కాల్చి, ఆ బూడిదలో రాగులో సామలో చల్లుకునే సేద్యం. ఎండాకాలంలో, వానలకి ముందు కాలుస్తారు. శర్మగారు పైనున్నది సరిగ్గా ఏప్రిల్లో. సాల్యూట్ తిరిగిన కక్ష్య భూమధ్యరేఖకి అటూ ఇటూ 51 డిగ్రీల పైదాకా పోతుంది. పాడేరు 18 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మా కొండలు ఆ దారిలో ఉన్నట్టే. ఆయన వేగం సెకనుకి దాదాపు 8 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకీ కడుపులో తిప్పుకుంటూ మేం గంటలకొద్దీ బస్సులో వెళ్ళే విశాఖకి, పిట్ట ఎగిరే దారిన ఆయనకి పది సెకన్లు!

అంతేకాదు. ఆయనకి అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది మన నేలని ఫోటోలు తియ్యడం. తూర్పు జర్మనీలో చేసిన ఎంకేఎఫ్-6 అనే కెమెరా ఒకే చోటుని ఆరు రకాల కాంతిలో తీసేది. అడవి ఎక్కడ పచ్చగా ఉంది, నీరెక్కడుంది, నేల ఎక్కడ బోసిగా ఉంది అని ఆ తేడాల్లో తెలుస్తుంది. ఏళ్ళ తర్వాత ఆయన తను చూసిన దేశాన్ని వర్ణిస్తూ పొడుగాటి తీరం, పీఠభూమి, అడవులు, గంగా మైదానం, హిమాలయాలు అన్నారు. అడవులు అన్నారు కదా, ఏ అడవి? అందులో మనుషుల జాడ తెలిసిందా? పొగ లేచిందా? అని అడిగితే తప్పేముంది? శాస్త్రజ్ఞులు కెమెరా పెట్టి వెతికిందీ, అక్షరం రాని ఆ తల్లి అడిగిందీ దగ్గర దగ్గర ఒకటే.

"ఇదే నీ మొదటి ప్రశ్న" అన్నాను. "నవ్వితే?" అంది. "నన్నూ నవ్వారే. నవ్వినవాళ్ళకి జవాబు తెలియదు, అందుకే నవ్వారు" అన్నాను. ఇన్నేళ్ళకి ఆ మాట నాకూ అప్పుడే తెలిసింది.

ఉద్యోగం ముగిశాక శర్మగారు నీలగిరుల్లో, కూనూరులో ఇల్లు కట్టుకున్నారు. మబ్బులు గుమ్మంలోకి వచ్చే ఊరే అదీను. మా వంజంగి కొండమీద నిలబడితే తెల్లవారుజామున మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. పట్నాలనుంచి కార్లలో వచ్చి చూసి పోతుంటారు. మబ్బుల్ని పైనుంచి చూడడం మా అడ్డాకుల ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటే. అలాంటి మనిషికి ఆయన్ని అడగడానికి ఒక మాట ఉండడంలో వింతేముంది?

మీ ఇంట్లో పిల్లలున్నారు కదా. ఈ ఆదివారం వాళ్ళకీ ఒక కాగితం ఇవ్వండి. పుస్తకంలో దొరికేవి కొట్టేయమనండి. మనసు నొప్పించేవి తీసేయమనండి. మిగిలినదాంట్లో తమ ఇంటిదీ తమ ఊరిదీ ఒక్కటైనా ఉందేమో చూడమనండి. మీరూ ఒకటి రాయండి, సిగ్గుపడకండి.

ఆ పిల్ల తల్లి ప్రశ్నని మొదటి వరసలో రాసుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టు పుస్తకంలో దాచుకుని, కట్టలు నెత్తిన పెట్టుకున్న తల్లి వెనకాలే కొండెక్కింది. క్లాసులో గట్టిగా చదివిందో లేదో వచ్చే సంతకి తెలుస్తుంది.